అంకె వేయని తిట్టు

"మాస్టారూ, మీ ఆవిడకి మాటొచ్చిందటండీ."

సూపరింటెండెంటు ఫోను ఇంకా చేత్తో పట్టుకునే ఈ కబురు చెప్పేసరికి, బూతద్దం మాస్టారు నూట పద్నాలుగో పేజీలో ఒక లారీ డ్రైవరు నోట్లోంచి అప్పుడే ఊడిపడ్డ తిట్టు కింద పెన్సిలుతో గీత గీస్తున్నారు. గీత తిట్టు దాటింది, పేజీ దాటింది, బల్ల మీద ఓ బెత్తెడు పోయి ఆగింది.

గదిలో నాలుగు బల్లలు. నాలుగు బల్లల మనుషులూ లేచారు. పందొమ్మిది రోజులుగా ఆ గదిలో ఎవరూ మాస్టారి ఎదుట గట్టిగా తుమ్మను కూడా లేదు. ఆ మొహమాటమంతా ఒక్కసారిగా తీరిపోయింది. టైపిస్టు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. బైండింగు చూసే ఆయన, ఏనాడూ ఏమీ చెప్పి ఎరగనివాడు, "నేను చెప్పలా, నేను చెప్పలా" అని నాలుగుసార్లు అన్నాడు.

"ఏం మాట అందటండీ?" అన్నారు మాస్టారు.

"అది చెప్పలేదు. చేసింది వార్డు సిస్టరు. లైనంతా గరగర. మాటొచ్చింది, ఆయన్ని వెంటనే ఫోను చెయ్యమనండి అని పెట్టేసింది."

మాస్టారు నంబరు తిప్పారు. రెండుసార్లు తప్పు తిప్పారు. మూడోసారి అవతల సిస్టరు పలికింది.

"మాట రావడమేమిటి సార్? ఆవిడ మీద మాటొచ్చింది అన్నాను. ఎదురు మంచం వాళ్ళు, ఈవిడ తిట్లు పడలేకపోతున్నాం అని కాగితం రాసిచ్చారు. ఆరింటికి పెద్ద డాక్టరుగారు వస్తారు. ఆవిడని చివరి గదిలోకి మార్చెయ్యమంటారు. మీరేమన్నా చెప్పుకునేదుంటే ఆలోగా వచ్చి చెప్పుకోండి."

"ఇప్పుడే వస్తాను."

"ఇప్పుడెలా సార్? నాలుగింటికే కదా గేటు తీసేది."

చివరి గది మాస్టారికి తెలుసు. నడవా కొసన, దుప్పట్లు దాచే గది పక్కన. ఒకటే మంచం. కిటికీ లేదు. తలుపు వేస్తే లోపలి కేక దుప్పట్లకి తప్ప ఇంకెవరికీ వినపడదు. ఇప్పుడున్న మంచం మీద అయితే కనీసం వచ్చేపోయే మనుషులు కనిపిస్తారు. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆవిడ అటు చూస్తుంది.

ఆయన ఫోను పెట్టేసి, తనకేసి నోళ్ళు తెరుచుకుని చూస్తున్న ముగ్గురికీ చెప్పారు. "ఆవిడకి కాదటండీ. ఆవిడ మీద అట."

ముగ్గురూ మెల్లిగా కూర్చున్నారు. మాస్టారు రబ్బరు తీసుకుని బల్ల మీది గీత తుడిచారు.

మాస్టారు ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. బడి లైబ్రరీలకీ, ఊరి పఠనాలయాలకీ వెళ్ళే పుస్తకాలన్నీ ముందు ఈ భవనంలోంచి వెళ్ళాలి. కథ బాగుందా, నీతి ఉందా చూసేందుకు పై అంతస్తులో పెద్దమనుషులు వేరే ఉన్నారు. ఈయన చూసేది తిట్లు. ఏ పేజీలో, ఎవరు, ఎవర్ని, ఎంత ఘాటుగా: సున్న నుంచి ఐదు. 'మొద్దు' సున్న. 'గాడిద' ఒంటరిగా వస్తే ఒకటి, కొడుకుని వెంటబెట్టుకు వస్తే రెండు. ఐదు పడ్డ పుస్తకం బడి గడప తొక్కదు. కళ్ళజోడు అద్దాలు సీసా అడుగుల్లా ఉంటాయి గనకా, చేసే పని ఇది గనకా, ఆఫీసువాళ్ళు భూతద్దానికి ఒత్తు పీకేసి బూతద్దం మాస్టారని పేరు పెట్టారు. ఆయన కోప్పడలేదు. కోప్పడినా పైకి అనడానికి సరుకు లేదు. ముప్ఫై రెండేళ్ళుగా వేలకొద్దీ తిట్లకి మార్కులు వేసిన మనిషి, బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే తనే సారీ చెబుతారు. "జీతం గిట్టుబాటు కాకపోయినా తిట్టుబాటవుతోంది" అని ఒక్క జోకు మాత్రం కొత్తవాళ్ళెవరొచ్చినా చెబుతారు. ఆ జోకు ఆయనది కాదు, ఇంటావిడది.

మార్కులూ ఇంటావిడవే.

ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆవిడ కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోను ముందు ఇరవై ఆరేళ్ళు కూర్చుంది. ఊళ్ళో ఎక్కడ దీపం ఆరినా జనం మండిపడేది ఆవిడ మీదే. తిట్టు చెవిన పడగానే అది కోపమా, కంగారా, తాగి కూసిన కూతా, ఉక్కకి ఇంట్లో పసిబిడ్డ ఏడుస్తుంటే పుట్టిన దుఃఖమా ఇట్టే చెప్పేసేది. ఇంట్లో ఉండేది ఇద్దరే. భోజనాలయ్యాక మాస్టారు వంటింటి గడప మీద కూర్చుని, గీతలు గీసిన చోట్లు చదివేవారు. ఆవిడ గిన్నెలు తుడుస్తూ వినేది.

"అలా చప్పగా చదివితే ఏం తెలుస్తుంది? వాడు తిట్టినట్టు తిట్టండి."

మాస్టారు గొంతు సవరించుకుని తిట్టేవారు.

"మీరు తిడుతుంటే వంకాయలు బేరమాడుతున్నట్టుంది. సరే, దానికి ముందు పేజీలో ఏమైంది? వాడి పెళ్ళాం పోయిందా? అయితే దీనికి ఐదేమిటండీ, రెండు వెయ్యండి. పాపం, వాడు ఎదుటివాణ్ణి తిట్టడం లేదు."

తెల్లారి మాస్టారు రెండు వేసేవారు. పై అంతస్తు పెద్దమనుషులు ఆ కాగితం చూసి, ఎంత సున్నితమైన చెవి అని మెచ్చుకునేవారు. ఆ చెవి అప్పుడు కరెంటాఫీసులో ఎవరి చేతో తిట్లు తింటూ ఉండేది.

పందొమ్మిది రోజుల కిందట ఆ గిన్నెల దగ్గరే ఆవిడ కూలబడింది. కుడి చెయ్యి పోయింది, కుడి కాలు పోయింది. ఇరవై ఆరేళ్ళు మాటలు పడ్డ మనిషికి మాటే పడిపోయింది.

ఇప్పుడు గిన్నెలు మాస్టారే తుడుస్తున్నారు. తుడుస్తూ ఓ రోజు అలవాటుకొద్దీ ఒక తిట్టు పైకి చదివి ఆగారు. కొళాయి బొట్లు బొట్లుగా కారింది. ఇంకో రోజు ధైర్యం చేసి పుస్తకం సంచిలో పెట్టుకుని ఆసుపత్రికే పట్టుకెళ్ళారు. ఆవిడ చెవి దగ్గర వంగి, నోరు తెరిచి, ఎనిమిది మంచాల వార్డులో ఎనిమిది మంచాలూ తనకేసే చూస్తున్నట్టు అనిపించి, నోరు మూసుకుని పుస్తకం మళ్ళీ సంచిలో పెట్టేశారు.

మధ్యాహ్నం టీ వేళ సూపరింటెండెంటు తన కుర్చీ ఈడ్చుకొచ్చి మాస్టారి పక్కన వేసుకున్నాడు. చేతిలో ఓ కాగితాల కట్ట.

"ఇలా అడుగుతున్నానని ఏమీ అనుకోకండి మాస్టారూ. ఇన్నాళ్ళుగా అన్నిటికీ మూడే వేస్తున్నారు."

"అవునాండీ."

"పసిపిల్లల బొమ్మల పుస్తకంలో కోతి ఎలుగుబంటిని 'పోవోయ్' అంటుంది. దానికీ మూడే."

మాస్టారు కాగితం తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశారు. మూడే. తన చేతిరాతే.

"దిద్దుతానండి."

"దిద్దడం మాట అలా ఉంచండి. సెలవు పెట్టి ఆవిడ దగ్గర కూర్చోండి."

"నాలుగింటిదాకా రానివ్వరండీ."

సూపరింటెండెంటు కాగితాల కట్ట వెనక్కి తీసుకున్నాడు. "అయితే నాలుగింటిదాకా మూడే వెయ్యండి. నేను చూసుకుంటాను" అన్నాడు.

అసలు ఆవిడకి ఒక్క మాట మిగిలింది. పడిపోయిన ఆరో రోజున ఆ మాట నోట్లోంచి వస్తే మాస్టారు వార్డంతా పరిగెత్తి చెప్పొచ్చారు కూడాను. రెండో మాట మాత్రం రాలేదు. మెదడుకి దెబ్బ తగిలితే కొందరికి ఇంతేనని డాక్టరు చెప్పాడు: ఆలోచించి అనే మాటలన్నీ పోతాయి, నాలుకకి బాగా అలవాటైన ముక్క ఒకటి మిగులుతుంది. ఆవిడకి మిగిలిన ముక్క 'చచ్చినోడా'.

పుస్తకాల్లో ఆ మాట ఘాటు రెండు. మాస్టారే వేశారు. అమ్మలు అల్లరి కొడుకుల్ని రోజుకి పదిసార్లు అనే మాట. కానీ పక్కనే ఆక్సిజన్ సిలిండరు నిలబడి ఉన్న గదిలో అదే మాట అంకెలన్నీ దాటిపోతుందని ముప్ఫై రెండేళ్ళ అనుభవంలో ఆయనకి తట్టలేదు. ఎదురు మంచం పెద్దావిడకి ఒక్కడే కొడుకు. తల్లికి ఆపరేషనైన మర్నాడు పళ్ళు పట్టుకుని వాడు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు; అంతే, ఈ మంచం మీంచి గొంతు చించుకుని "చచ్చినోడా". పెద్దావిడ ఆ పళ్ళు ముట్టలేదు. ఆ తర్వాత మందులిచ్చే కుర్రాడైనా, పాలవాడైనా, పెద్ద డాక్టరైనా, తలుపు తోస్తే చాలు, అదే దీవెన.

మాస్టారు రోజూ నాలుగింటికి వెళ్ళి మంచం మంచానికీ దణ్ణం పెట్టి, "జబ్బండీ. జబ్బు వల్ల. ఏమీ అనుకోకండి" అని చెప్పుకునేవారు. అసలు సంగతి చెప్పేవారు కాదు. చెప్పాలంటే సిగ్గు.

సంగతేమిటంటే, పెళ్ళైన కొత్తలో ఓ సాయంత్రం మాస్టారు బస్సులో తిట్లు వెతుక్కుంటూ తమ స్టాపు దాటిపోయారు. ఆఖరి స్టాపులోనూ తలెత్తలేదు. బస్సుతోపాటు డిపోకి చేరారు. అదే దారిలో అదే వేళకి ఇంకో బస్సు బోల్తాపడింది. ఆ కబురు విని ఆవిడ వానలో రెండున్నర గంటలు స్టాపులో నిలబడింది. ఆగిన ప్రతి బస్సు మెట్లకేసీ చూసింది. చివరికి చంకలో పుస్తకంతో, ఏమీ ఎరగని మొహంతో మాస్టారు దిగారు. అప్పటిదాకా 'ఏవండీ' దాటి నోరెత్తని కొత్త పెళ్ళికూతురు ఆయన చొక్కా రెండు గుప్పిళ్ళతో పట్టుకుని, గుండెకేసి తల బాదుకుంటూ, "చచ్చినోడా, చచ్చినోడా" అని ఏడ్చింది.

అప్పట్నుంచీ నలుగురిలో 'ఏవండీ', నాలుగు గోడల మధ్య 'చచ్చినోడా'. తలుపు తీస్తూ అదే, టీకి పిలుస్తూ అదే, నిద్రలో ఒత్తిగిలి పక్కన మనిషి ఉన్నాడో లేడో తడుముకుంటూ అదే. ఓసారి ఏదో నవలలో ఆ మాట తగిలి మాస్టారు గడప మీంచి అడిగారు, దీనికెంత అని. ఆవిడ గిన్నె తుడవడం ఆపింది. "పుస్తకంలో దానికి మీ ఇష్టమొచ్చినంత వేసుకోండి. మనింట్లో దానికి అంకె వెయ్యకండి" అంది.

ఈ మాట ఎనిమిది మంచాల ముందు చెప్పడమెలా? అరవైకి దగ్గరపడ్డ మనిషి, తలంతా నెరిసిన మనిషి, 'అమ్మా, ఇంట్లో నన్ను పిలిచే పిలుపిదీ' అంటే పకపకా నవ్వరూ? ఆయన మొహమాటం ఆయన్ని క్షమాపణలతో సరిపెట్టుకోమంది. ఇంకో విచిత్రం, మాస్టారు వార్డులో అడుగు పెట్టగానే ఆవిడ ఆ మాట ఒక్కసారి, అదీ మెల్లిగా, అని ఊరుకునేది. గేటు మూసేదాకా మళ్ళీ నోరు విప్పేది కాదు. ఇది వార్డంతా గమనించింది. మొగుడంటే హడలు అని తేల్చేసింది. బయటికి చూస్తే పిల్లిలా ఉన్నాడు, ఇంట్లో ఎంత పులో అనుకున్నారు.

మూడున్నరకి మాస్టారు బల్ల సర్దేసి బస్సెక్కారు. ఇవాళ చెప్పెయ్యాలి. నవ్వితే నవ్వనీ. కిటికీ పక్కన కూర్చుని పెదాలు కదుపుతూ వల్లె వేసుకున్నారు. "అమ్మా, అది తిట్టు కాదు, అది నేను." బాగా లేదు. "అమ్మా, చచ్చినోడా అంటే ఎవరో కాదు." అదీ బాగా లేదు, పైగా కాస్త పైకి అన్నట్టున్నారు, పక్క సీటాయన లేచి వెనక్కి పోయి కూర్చున్నాడు. ఒకరి వాక్యాలకి మార్కులు వెయ్యడం వేరు, సొంతంగా ఒక్క వాక్యం కూర్చుకోవడం వేరు.

వార్డు తలుపు దగ్గర ఆయా ఎదురొచ్చింది. ఎన్నడూ లేనిది నవ్వుతోంది.

"ఇవాళ మీ ఆవిడ బంగారం సార్. పొద్దున్నుంచీ తెగ కేకలేసింది గానీ, పన్నెండు దాటాక కిక్కురుమంటే ఒట్టు."

ఎదురు మంచం పెద్దావిడ దిండుకి జారబడి కూర్చుని ఉంది. ఆవిడా మెత్తబడింది. "కాగితం ఇచ్చానని తెలిసిందేమో. పోన్లే బాబూ. ఇలా బుద్ధిగా ఉంటే ఆ చీకటి గది ఎందుకు? నేనే చెబుతాలే డాక్టరుగారికి, ఇక్కడే ఉంచమని."

వచ్చిన పని నోరు విప్పకుండానే అయిపోయింది. మాస్టారు ఆవిడకి దణ్ణం పెట్టలేదు. తలుపు తోసుకుని వచ్చి అప్పటికి నిమిషమైంది. ఆ ఒక్క మాటా ఇంకా వినపడలేదు.

మంచం దగ్గరికి వెళ్ళారు. ఎవరో శుభ్రంగా తల దువ్వి, జడ ఎడమ భుజం మీదికి వేశారు. కళ్ళు సగం తెరుచుకుని పై కప్పుకేసి ఉన్నాయి. ఎడమ చెయ్యి దుప్పటి అంచు గుప్పిట పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. రొమ్ము చాలా కొద్దిగా, చాలా సేపటికోసారి కదులుతోంది.

"వచ్చాను" అన్నారు మాస్టారు.

ఆవిడ చూడలేదు.

ఆయన వంగి చెవిలో చెప్పారు. "పాలు పొంగబెట్టాను. పొయ్యంతా మాడిపోయింది."

ఏమీ లేదు.

"గొడుగు మళ్ళీ బస్సులో వదిలేశాను." గొడుగు చంకలోనే ఉంది. "మీ చెల్లెలికి ఫోను చెయ్యమన్నావు చూడు, చెయ్యలేదు. నీ పచ్చ పువ్వుల కప్పు పగలగొట్టాను. కోతికి మూడేశాను. విన్నావా? పోవోయ్ అన్నందుకు కోతికి మూడు."

మామూలుగా అయితే ఇందులో ఏ ఒక్క నేరానికైనా వారం రోజులకి సరిపడా వడ్డింపు ఉండేది. ఆయన ఆవిడ గుప్పిట మీద తన చెయ్యి వేశారు. చల్లగా ఉంది.

"ఒక్కసారి తిట్టు" అన్నారు. "ఒక్కసారి."

ఆ మాట గదిలో అందరికీ వినపడింది. ఆయా నవ్వు ఆగిపోయింది. సిస్టరు గబగబా వచ్చి, రెప్పలెత్తి టార్చి వేసి చూసి, డాక్టరు కోసం పరిగెత్తింది. తెర లాగారు. మాస్టారిని తెర ఇవతల నిలబెట్టారు. తెర కిందనుంచి కాళ్ళు కనిపిస్తున్నాయి: బూట్లు, తెల్ల చెప్పులు, చక్రాల బల్ల. కాళ్ళు హడావుడిగా తిరిగాయి. తర్వాత మెల్లిగా తిరిగాయి. తర్వాత నిలబడిపోయాయి. మధ్యాహ్నం ఇంకో దెబ్బ తగిలి ఉంటుందని డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. గొడుగు ఎప్పుడు కింద పడిందో మాస్టారికి తెలియదు.

"నిద్రపోతోందనుకున్నాం సార్" అంది ఆయా.

ఐదున్నరకి తెర తీశారు. దుప్పటి మొహం మీదికి లాగి ఉంది. స్ట్రెచరు వస్తోందన్నారు. మాస్టారు మంచాల మధ్య నిలబడి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అద్దాలు లేకపోతే ఆయనకి ఎవరి మొహమూ ఆనదు. అందుకేనేమో, అలాగే చేత్తో పట్టుకుని మొదలుపెట్టారు.

"ఒక సంగతి చెప్పుకుందామని వచ్చానండి. ఇప్పుడింక అవసరం లేదనుకోండి. అయినా చెబుతాను. ఆవిడ మీలో ఎవర్నీ తిట్టలేదు. మీ అబ్బాయిని కూడా తిట్టలేదమ్మా. అది... ఇంట్లో నన్ను అలా పిలుస్తుంది. పెళ్ళైనప్పట్నుంచీ. ఆవిడకి అది నా పేరు. ఒంట్లో ఉన్న మాటలన్నీ పోయి నా పేరొకటి మిగిలింది. చెప్పడానికి నాకు సిగ్గేసింది. నవ్వుతారనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. మందులిచ్చే కుర్రాడు ట్రే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"తలుపు చప్పుడైతే నేనే వచ్చాననుకునేది. అంతే. నేనొస్తే మళ్ళీ అనేది కాదు, మీరూ చూసే ఉంటారు. నేనంటే భయపడి కాదండి. వచ్చేశాను గదా, ఇంక పిలవడమెందుకని."



"ముందే చెప్పుండాల్సింది నాయనా" అంది ఎదురు మంచం పెద్దావిడ. "కబురు పెట్టించేదాన్ని. పన్నెండు దాకా అలా పిలుస్తూనే ఉంది. నేను చెవుల్లో దూది పెట్టుకున్నాను." ఆవిడ చెయ్యి చెవి దగ్గరికి పోయింది, అక్కడ ఇంకా ఉన్న దూదిని తీసి గుప్పిట్లో దాచుకుంది.

స్ట్రెచరు వచ్చింది. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి, దాని వెనకే నడవాలోకి వెళ్ళిపోయారు. ఆయా పక్క మీది దుప్పటి మడతపెట్టింది. సిస్టరు మంచం కాళ్ళవైపు తగిలించి ఉన్న అట్ట మీది కాగితాలు తియ్యబోయి, ఆగింది. జ్వరం, నాడి, మందులు, వాటి కింద ఏ పూటకాపూట తను రాసిన వరసలు. జేబులోంచి పెన్ను తీసి, ప్రతి వరసలోనూ 'తిట్టింది' అన్న ముక్కని కొట్టేసి, పైన చిన్నగా రాసుకుంటూ పోయింది. అట్టని మళ్ళీ మంచానికే తగిలించింది.

ఆరింటికి పెద్ద డాక్టరు వచ్చేసరికి ఖాళీ మంచానికి అది అలాగే వేలాడుతోంది. భర్తని పిలిచింది, తొమ్మిది సార్లు. భర్తని పిలిచింది, పదిహేడు సార్లు. చిట్టచివర, ఇవాళ్టి తేదీ కింద: భర్తని పిలిచింది, పన్నెండింటి వరకు.